గంటక్క బాంజోని ఎవరు ముట్టుకున్నారు?

రెండో పాట సగంలో ఉండగా గంటక్కకి అనుమానం వచ్చింది.

అనుమానం రావడం ఆవిడకి కొత్త కాదు. పాలవాడు నీళ్ళు కలిపాడనో, దర్జీ గుడ్డ మిగుల్చుకున్నాడనో, ఎదురింటివాళ్ళు గడియారం కావాలనే ముందుకి తిప్పి పెట్టుకున్నారనో రోజుకొక అనుమానం రాకపోతే ఆవిడకి తిన్నది అరగదు. కాని ఇది వేరు. ఈసారి అనుమానం ఎడమచేతి ఉంగరపు వేలి కొసలో పుట్టింది. తీగ మెట్టుకి ఆనాలంటే ఇదివరకు వేలు అలా తాకిస్తే సరిపోయేది. ఇప్పుడు గోరు తెల్లబడేదాకా నొక్కాల్సి వస్తోంది. అంటే తీగలు పైకి లేచాయన్నమాట. తీగలు వాటంతట అవి లేవవు కదా. ఎవరో లేపారు.

పాట అయిపోయాక, జనం చప్పట్లు కొడుతుండగానే, ఆవిడ తల వంచి తన పరీక్ష తను చేసుకుంది. మెడ మీద పన్నెండో మెట్టు దగ్గర, తీగకీ మెట్టుకీ మధ్య ఉన్న సందులోకి తను మీటే కొమ్ము బిళ్ళని దూర్చింది. బిళ్ళ జారిపోకుండా, ఇరుక్కోకుండా అక్కడ నిలబడితే ఎత్తు సరిగ్గా ఉన్నట్టు. ఇరవై ఏళ్ళకు పైగా ఆవిడ కొలబద్ద అదే. బిళ్ళ నిలబడలేదు. టప్పున జారి ఒళ్ళో పడింది.

"ఆహా," అనుకుంది గంటక్క. అనుమానం నిజమైనప్పుడు మనిషికి కోపంతోపాటు ఒక చిన్న తృప్తి కూడా కలుగుతుంది. ఆవిడకి రెండూ కలిగాయి.

బాంజో సంగతి తెలియనివాళ్ళకి ఇక్కడ నాలుగు మాటలు చెప్పాలి. చిన్న డోలుకి పొడుగాటి మెడ తగిలించి, మెడకి అడ్డంగా సన్నటి మెట్లు దిగేసి, వాటి మీదుగా తీగలు బిగిస్తే బాంజో. ఆ తీగల్ని చర్మం మీద మోస్తూ ఒక చిన్న చెక్కముక్క నిలబడి ఉంటుంది. దాన్ని గుర్రం అంటారు. జిగురు లేదు, మేకు లేదు, తీగల బరువుకే అది నిలబడుతుంది. గుర్రం ఎత్తుగా ఉంటే తీగలు చర్మాన్ని గట్టిగా అదుముతాయి. మోత హాలు చివరిదాకా పోతుంది, వేళ్ళకి మాత్రం గొడ్డు చాకిరీ. గుర్రం పొట్టిగా ఉంటే వేళ్ళకి హాయి, వెన్న మీద నడిచినట్టు నడుస్తాయి. కాని మోత పలచబడుతుంది, మొదటి వరసలు దాటదు, గట్టిగా మీటితే తీగ మెట్లకి కొట్టుకుని జీరపోతుంది. రెండూ కావాలనేవాడికి రెండూ దొరకవు. ఎవరి ఎత్తు వాళ్ళు ఎంచుకోవాలి.

గంటక్క ఎత్తే ఎంచుకుంది. పొరుగు బ్యాండువాళ్ళు ఎవరైనా సరదాకి ఆవిడ బాంజో తీసుకుంటే ఒక్క నిమిషంలో తిరిగిచ్చేసి వేళ్ళు ఊదుకునేవాళ్ళు. "ఇది బాంజోనా, కంచె తీగా?" అనేవాళ్ళు. ఆవిడకి అది పెద్ద పొగడ్త. ఆ మోత గంట కొట్టినట్టు ఉంటుంది కనకనే ఆవిడ గంటక్క అయింది. అసలు పేరు బ్యాండులో సగం మందికి తెలియదు.

ఇప్పుడు ఆ తీగల జోలికి ఎవరు వెళ్ళారు? ఎవరికి అవసరం? ఈ ప్రశ్నకి జవాబు కోసం గంటక్క దూరం పోనక్కర్లేకపోయింది. బ్యాండు వాయించే నాట్యశాల యజమాని ఈమధ్యే వెనక గోడ పగలగొట్టి ఇంకొన్ని వరసలు వేశాడు. బ్యాండు మాస్టారు అందరినీ పిలిచి, ఇకనుంచి బాంజోకి మనిషి ఒక్కరే ఉంటారు, శనివారం పొద్దున తను చివరి వరసలో కూర్చుని ఇద్దరినీ వింటాను, అక్కడికి ఎవరి వాయిద్యం వినిపిస్తే కుర్చీ వాళ్ళదే అని చెప్పాడు. ఇద్దరిలో ఒకరు గంటక్క. రెండోది ఆవిడకి ఒంట్లో బాగాలేనప్పుడు వచ్చి వాయించే చిన్నది. ఆ చిన్నది ఎవరో కాదు, సాక్షాత్తూ గంటక్క ఆడపడుచు కూతురు. ఆ ఆడపడుచు చేసే పని ఏమిటంటే వాయిద్యాల మరమ్మతు. ఇంతకంటే ఏం కావాలి?

ఒకే ఇల్లు. ముందుగదిలో ఆడపడుచు దుకాణం, వెనక వంటగది ఉమ్మడి, మేడమీద గంటక్కా, ఆవిడ ప్లంబరు మొగుడూ. ఆడపడుచు భర్త పోయాక పనిముట్ల పెట్టెతోనూ చంకలో పిల్లతోనూ అన్న ఇంటికి వచ్చింది. అప్పుడు గంటక్కే ముందుగది ఖాళీ చేసి ఇచ్చింది. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ ఎత్తిచూపలేదు. మర్చిపోనూ లేదు.

మర్నాడు పొద్దున్నే దుకాణంలోకి దిగింది. ఆడపడుచు బల్లముందు కూర్చుని ఎవరిదో మాండొలిన్ పగులుకి జిగురు పెడుతోంది. చుట్టూ చెక్కపొట్టు, జిగురు వాసన.

"నా బాంజో పెట్టె తెరిచావా?" అంది గంటక్క, ముందూ వెనకా లేకుండా.

"ఏ పెట్టె వదినా?"

"ఇంట్లో ఎన్ని బాంజో పెట్టెలున్నాయే?"

"ఇదిగో, ఇక్కడే ఏడున్నాయి. ఎనిమిదోది మేడమీద నీది."

ఇంకోరోజైతే గంటక్క నవ్వి ఉండేది. "ఆ ఎనిమిదోదే. తెరిచావా?"

"దుమ్ము దులుపుదామని... ఒకసారి..."

"మూసిన పెట్టెలో దుమ్మెక్కడిది?"

ఆడపడుచు జిగురు బ్రష్షు కిందపెట్టి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ పెట్టింది. ఎదుటిమనిషి కళ్ళలోకి చూసి మాట్లాడడం ఆవిడ అలవాటు. ఆరోజు మాత్రం మాండొలిన్‌తోనే మాట్లాడింది.

"సరే. నువ్వు ఎత్తిన తీగలు నువ్వే దించు. ఇప్పుడే, నా కళ్ళముందు."

"దించాలా?" ఆడపడుచు అదిరిపడి తలెత్తింది. "ఇంకా దించితే మోత చచ్చిపోతుంది వదినా. వద్దు. నా మాట విను."

"దించనంటావు."

"దించను."

చూశారా మరి! దొంగపని చెయ్యడం ఒక ఎత్తు, పట్టుకున్నాక కూడా మొండికెయ్యడం ఇంకో ఎత్తు. వెనకగదిలో చిన్నది సాధన చేస్తోంది. వేళ్ళు జలజలా పరుగెత్తుతున్నాయి, మోత మాత్రం సన్నగా ఉంది. గంటక్క గుమ్మంలో కనపడగానే ఆపేసింది.

"ఎందుకాపావే?"

"ఊరికే అత్తా."

ఊరికే ఎవరూ ఏదీ ఆపరని గంటక్కకి తెలుసు. తల్లీకూతుళ్ళు కూడబలుక్కున్నారని తేలిపోయింది.

మొగుడితో చెప్పుకుంది. ఆయన వంటగదిలో కుళాయి విప్పి దాని ముక్కలన్నీ బల్లమీద పరుచుకున్నాడు. ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒక కుళాయి విప్పి ఉంటుంది. "చూశారా మీ చెల్లెలి నిర్వాకం?" అని మొదలుపెట్టి మొత్తం చెప్పింది.

"తీగలెందుకు లేస్తాయే పిచ్చిదానా, నీ వేళ్ళే..." అని ఆయన టక్కున ఆగాడు.

"నా వేళ్ళే? ఏం, నా వేళ్ళకేమొచ్చింది?"

"నీ వేళ్ళే... కడుక్కుని రా, తిందాం."

పైపులతో తప్ప మనుషులతో ఎక్కువ మాట్లాడని మనిషి. అబద్ధం ఆడడం అసలే చేతకాదు. చెవులు ఎర్రబడతాయి. ఎర్రబడ్డాయి కూడా. ఆ చెవుల్ని చూసిన గంటక్కకి మనసు చివుక్కుమంది. ఎంతైనా తోడబుట్టింది కదా, చెల్లెలి వైపే మొగ్గుతాడు, నేనెవర్ని, బయటినుంచి వచ్చినదాన్ని అనుకుంది. ఆయన అన్న ఆ సగం మాటని మాత్రం ఎందుకో కదిలించబుద్ధి కాలేదు.

ఆరోజునుంచి బాంజో పెట్టె ఆవిడని వదల్లేదు. కూరగాయలకి వెళితే పెట్టె, బట్టలు ఆరేస్తే కాళ్ళదగ్గర పెట్టె, స్నానానికి వెళితే తలుపు లోపల పెట్టె. భోజనానికి దాన్నే పీట చేసుకుని కూర్చుంది. "దానికీ కంచం పెట్టమంటావా?" అన్నాడు ప్లంబరు. ఎవరూ నవ్వలేదు. ఇంత కాపలా కాసినా బిళ్ళ పరీక్షలో మార్పు లేదు. దూర్చిన ప్రతిసారీ జారి పడుతూనే ఉంది. దానికి తోడు మోత కూడా ఎక్కడికో పోయింది. ఎంత మీటినా గుడ్డకప్పి వాయించినట్టుంది. తీగలెత్తితే మోత పెరగాలి కదా, ఇదేమిటి? అప్పుడావిడకి వెలిగింది. తీగలెత్తి ఊరుకోలేదు, చర్మం బిగింపు కూడా వదులు చేశారు. వేళ్ళకి నొప్పి పుట్టాలి, మోతా చావాలి. ఎంత ఆలోచన! గంటక్కకి ఆడపడుచు పనితనం మీద ఉన్న గౌరవం ఆ క్షణంలో కూడా తగ్గలేదు, అదింకా మండించింది.

గురువారం రిహార్సల్‌లో మాస్టారు పాట మధ్యలో చెయ్యెత్తి ఆపాడు. మంచి మనిషే, మాట మాత్రం మెత్తగా రాదు.

"గంటక్కా, ఈమధ్య మీ మోత నా దాకా రావడం లేదండీ. డ్రమ్ముల చాటున పడిపోతోంది. ఇక్కడికే రాకపోతే కొత్త వరసలకి ఎలా వెళుతుంది?"

అంతే. ఎన్నాళ్ళుగానో కడుపులో పెట్టుకున్నదంతా కక్కేసింది.

"ఎలా వస్తుంది మాస్టారూ? ఇంట్లోవాళ్ళే నా బాంజోకి చెయ్యి పెడితే ఎలా వస్తుంది? తీగలెత్తేశారు. చర్మం వదులు చేసేశారు. ఎవరి కూతురు ఈ కుర్చీ ఎక్కాలో, దాని తల్లే చేసింది. చేతిలో పనుంది కదా, చేసింది!"

అందరూ చిన్నదాని వైపు చూశారు. అది పక్కకుర్చీలో తన వంతుకోసం బాంజో పట్టుకుని కూర్చుని ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఒక్క మాట కూడా అనకుండా బాంజోని కుర్చీమీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. డ్రమ్ములాయన గొంతు సవరించుకున్నాడు. గంటక్క తలెత్తుకునే కూర్చుంది, తప్పు దొరికింది కనకనే అది నోరెత్తలేదని తనకి తను చెప్పుకుంటూ. చెప్పుకున్నంత తేలిగ్గా నమ్మలేకపోయింది.

ఆ మధ్యాహ్నమే సాక్ష్యం సంపాదించుకోవాలని బయల్దేరింది. చెప్పుల దుకాణం మేడమీద ఇంకొక మరమ్మతు ముసలాయన ఉన్నాడు. ఆడపడుచు దుకాణం పెట్టాక ఆయన గిరాకీ సగం ఇటు వచ్చేసింది. అందువల్ల ఆ పేరు చెబితే చాలు ఒంటికాలిమీద లేస్తాడు. ఆవిడకి కావలసింది అలాంటివాడే. ఆడపడుచుని వెనకేసుకొచ్చే అవసరం ఆయనకి లేదు.

ముసలాయన బాంజోని కిటికీ వెలుతురులోకి తిప్పి, ఉక్కు స్కేలు పెట్టి చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"తీగలెత్తారన్నది ఎవరమ్మా?"

"నేనే. మీరు కొలిచి చెప్పండి, ఎంత ఎత్తారో."

"ఎత్తడమేమిటి! ఇంత కిందకి దించిన బాంజో నా జన్మలో చూడలేదు. దీన్ని చంటిపిల్ల కూడా నొక్కుతుంది."

గంటక్క నమ్మలేదు. ముసలాయన కూడా ఆడపడుచుతో కలిశాడా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. కొమ్ము బిళ్ళ తీసి, పన్నెండో మెట్టు దగ్గర దూర్చి, అది జారిపడడం ఆయనకి చూపించింది. "మరి ఇదేమిటి?"

ఆయన బిళ్ళ అందుకుని రెండువేళ్ళ మధ్య నలిపి చూశాడు. సొరుగులోంచి అదే రకం కొత్త బిళ్ళ తీసి పక్కన పెట్టాడు. కొత్తది గోరంత మందంగా ఉంది. గంటక్క బిళ్ళ అంచు ఉల్లిపొరలా ఉంది.

"ఎన్నేళ్ళుగా మీటుతున్నారు దీంతో? అరిగి కాగితమైంది. దీంతో కొలిస్తే నేలమీద పరిచిన తీగ కూడా ఎత్తుగానే ఉంటుంది."

ఆయన తీగలు వదులుచేసి గుర్రాన్ని బయటికి తీశాడు. "ఇది కొత్త చెక్క. టీ నీళ్ళు పట్టించి పాతదానిలా చేశారు. అసలుదానికంటే పొట్టిగా చెక్కారు. ఎవరో గాని చెయ్యి మంచిదే," అన్నాడు, ఎవరో తెలిసి కూడా, పన్ను పీకించుకుంటున్నంత కష్టంగా. తర్వాత డోలు వెనకవైపు తిప్పి లోపలికి చూసి ఛీత్కరించాడు. "ఇది మాత్రం ఆ చెయ్యి కాదు. మెడ వంపు సరిచేసే నట్టుని ఎవడో మొరటోడు పైపులు తిప్పే రెంచితో తిప్పాడు. పళ్ళ గాట్లు చూడండి. దీనివల్ల తీగలు ఇంకాస్త దిగాయి. ఒకరు దించింది చాలక ఇంకొకరు దించారు. మోత రమ్మంటే ఎక్కణ్ణుంచి వస్తుంది?"

గంటక్క వంగి చూసింది. ఆ గాట్లు ఆవిడకి బాగా తెలుసు. వంటింటి కుళాయికీ, స్నానాలగది కుళాయికీ, ఆఖరికి మంచం కాళ్ళకీ అవే గాట్లు.

"అయితే నాకు నొక్కుడెందుకు పడ్డంలేదు?" అంది.

ముసలాయన గోడమీది బాంజో ఒకటి దించి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇది మామూలు ఎత్తు. మీరు ఇన్నేళ్ళూ వాయించినదానికంటే తక్కువే. నొక్కండి."

చూపుడువేలు నొక్కింది. నడిమివేలు నొక్కింది. ఉంగరపు వేలు తీగమీద ఆనింది, వణికింది, పక్కకి ఒరిగిపోయింది. తీగ బుర్రుమంది. మళ్ళీ ప్రయత్నించింది. వేలికణుపు ఎర్రగా ఉబ్బి ఉండడం ఆవిడ అప్పుడు చూసింది. అంతకుముందు చూడలేదని కాదు, చూడనట్టు ఊరుకుంది.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు ఆయన. గంటక్క వేలిని పిడికిట్లో దాచుకుంది. భయం వేసింది, ఒట్టి భయం. కిందటి చలికాలంనుంచి తాళంచెవి తన చేతిలోంచి లాక్కుని మొగుడే తలుపు తీస్తున్నాడు. ఓపికలేని మనిషి అనుకుంది. సీసా మూతలన్నీ ఆడపడుచు వదులుచేసి పెడుతోంది. దొంగచాటుగా తింటోంది అనుకుంది. తడిబట్టలు చిన్నది పిండుతోంది. మెప్పుకోసం అనుకుంది. అందరిమీదా అనుమానపడింది, ఒక్క తన వేలిమీద తప్ప.

ఇంటికి వచ్చేసరికి అన్నాచెల్లెళ్ళిద్దరూ వంటగదిలోనే ఉన్నారు. గంటక్క పెట్టె బల్లమీద పెట్టి మూత తెరిచింది.

"ఎవరు ముందు?"

ఆడపడుచు తల వంచుకుంది. "నేనే వదినా. గుర్రం మార్చాను. వెంట్రుకవాసి, అంతే. మోత పెద్దగా తగ్గకుండా, వేలికి కాస్త తేలికగా ఉండాలని. అడిగితే నువ్వు ఒప్పుకోవుగా."

"వెంట్రుకవాసి కాదే, చాలా దిగింది!"

"ఒట్టు వదినా, నేను అంతే చేశాను."

ఇద్దరూ కలిసి ప్లంబరు వైపు చూశారు. ఆయన చెవులు ఎర్రగా వెలుగుతున్నాయి.

"నువ్వూనా అన్నయ్యా?"

"నువ్వు చేశావని నాకేం తెలుసు?"

"దేంతో తిప్పావ్?"

"రెంచితో."

"పైపుల రెంచితోనా! నన్నడిగితే చిన్న స్పానరు ఇచ్చేదాన్నిగా. చర్మం చిరిగి ఉంటే? మెడ విరిగి ఉంటే?" ఆడపడుచు వదినని మర్చిపోయి అన్నమీద విరుచుకుపడింది. పాపం ఆయన ఎటూ చెప్పుకోలేక కుళాయి ముక్కల్ని వరసగా సర్దడం మొదలుపెట్టాడు.

"ఆపండి," అంది గంటక్క. గట్టిగా అనలేదు, అయినా ఇద్దరూ ఆగిపోయారు. "దొంగతనం అనుకున్నాను. దొంగతనమైనా బాగుండేది, అరిచి ఊరుకునేదాన్ని. మీరు జాలిపడ్డారు. ఒకరికి తెలియకుండా ఒకరు, నాకు తెలియకుండా ఇద్దరూ. మీ ఇద్దరి జాలికీ నా మోత చచ్చింది. మాస్టారు నలుగురిలో అడిగాడు నన్ను, మోత ఏదని."

"నువ్వు నిద్రలో చెయ్యి పట్టుకుని మూలుగుతావే," అన్నాడు ప్లంబరు, ముక్కల్ని చూస్తూనే. "పక్కన పడుకుని వింటూ ఉండాలి. నేనేం చెయ్యను? నాకొచ్చింది నట్లు తిప్పడం ఒక్కటే."

గంటక్కకి ఏడుపొచ్చింది. ఏడవకుండా ఉండడానికి ఆడపడుచు వైపు తిరిగింది. "ఇవాళ అందరిముందూ నీ పేరెత్తాను."

"తెలుసు. అది వచ్చి చెప్పింది."

"ఎక్కడుందది?"

చిన్నది గుమ్మంలోనే ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి. "శనివారం నేను రాను," అంది. "నేను గెలిస్తే మా అమ్మ దొంగ అంటారు. ఓడిపోతే దొంగతనం చేసి కూడా ఓడిపోయింది అంటారు."

"రా. నేను చెబుతాను వాళ్ళకి."

"నువ్వు చెప్పినా రాను. నీది ఆ చచ్చిన మోత అయితే రాను. దాంతో పోటీ ఏమిటి? అమ్మా, అత్త తీగలు ఎప్పటిలాగే ఎత్తు. వేలు నొప్పి పుడితే అత్తకే పుడుతుంది. నీకూ మావయ్యకీ ఎందుకు?"

పిల్లదాని నోట ఆ మాట విని గంటక్కకి గొప్ప ఊరట కలిగింది. ఇంట్లో తనమీద జాలిపడనిది ఇదొక్కతే. ఆడపడుచు కాసేపు గొణిగి, చివరికి పాత గుర్రాన్ని తెచ్చి నిలబెట్టి, చిన్న స్పానరుతో మెడ సరిచేసింది. అన్నని దగ్గరికి రానివ్వలేదు.

శనివారం పొద్దున నాట్యశాల ఖాళీగా ఉంది. కుర్చీలు కొన్ని ఇంకా తిరగేసి ఉన్నాయి. మాస్టారు అన్నంత పనీ చేసి కొత్త వరసల చివర, గోడకానుకుని కూర్చున్నాడు. బ్యాండువాళ్ళంతా వచ్చారు. గంటక్క వాయించడానికి ముందు లేచి నిలబడింది.

"గురువారం నేనన్న మాట తప్పు. మా ఆడపడుచు నా తీగలు ఎత్తలేదు. నా వేలు పాడైంది. అది చూసి ఇంట్లోవాళ్ళు దించారు. నేను గుడ్డిదాన్నయి వాళ్ళమీద పడ్డాను. ఆ పిల్లకీ తల్లికీ ఏ పాపం తెలియదు." ఒకే ఊపిరిలో చెప్పేసి కూర్చుంది. ఆవిడ బతుకులో అంత కష్టమైన వాయిద్యం ఇంకోటి లేదు.

మొదటి పాట మొదలెట్టింది. కొత్త బిళ్ళ చేతికి మొద్దుగా తగిలింది. తీగ మీటగానే చర్మం కింద ఆ పాత బలం మేలుకున్నట్టు తెలిసింది. వేలు మంటపుట్టింది, పుట్టనీ అనుకుంది. పళ్ళు బిగించి పాట మొత్తం ముగించింది. ఒక్క స్వరం తప్పలేదు. డ్రమ్ములాయన తనకు తెలియకుండానే కాలు ఆడించాడు. రెండో పాటలో నాలుగో మలుపు దగ్గర ఉంగరపు వేలు ఒరిగింది. తీగ బుర్రుమంది. ఇంకోసారి పట్టింది. మళ్ళీ ఒరిగింది. గంటక్క చెయ్యి తీసేసింది.

ఆవిడ తీగలు మళ్ళీ దించి వాయించవచ్చు, అప్పుడు వినపడదు. ఎత్తి వాయించవచ్చు, అప్పుడు ఒక్క పాట. ఎటు చూసినా ఆ కుర్చీ తనది కాదని ఆవిడకి తెలిసిపోయింది. ఎవరూ లాక్కోలేదు. లాక్కునేవాళ్ళెవరైనా ఉంటే ఎంత బాగుండు అనిపించింది.

"ఇలా రా," అని చిన్నదాన్ని పిలిచింది. "నీది పక్కనపెట్టి ఇది పట్టు."

"అత్తా, ఇది నేను నొక్కలేను. ఒకసారి నువ్వు లేనప్పుడు చూశాను."

"అలాగా! ఎప్పుడు చూశావ్?" పాత గంటక్క ఒక్కసారి తలెత్తింది. వెంటనే తనే తగ్గింది. "సరేలే. ఒక నెల వేళ్ళు మండుతాయి. తర్వాత వాటికే బుద్ధొస్తుంది. నువ్వు దించుకుని వేగంగా పరుగెత్తుతున్నావు. ఆ పరుగు నీ ఒళ్ళోనే ఆగిపోతోంది. నెమ్మదిగా వాయించు. చివరిదాకా పంపు."

కుర్చీ దిగి, వరసల మధ్యనుంచి నడిచి, మాస్టారు పక్కన కూర్చుంది. అంత వెనక ఆవిడ ఎప్పుడూ కూర్చోలేదు. అక్కణ్ణుంచి వేదిక చిన్నగా ఉంది, తన కుర్చీ ఇంకా చిన్నగా ఉంది. చిన్నది బిక్కుబిక్కుమంటూ బాంజోని ఒళ్ళో సర్దుకుని, పెదవి కొరుక్కుని తీగ నొక్కింది. మొదటి స్వరం తప్పింది. రెండోది పట్టింది.

మోత వచ్చింది. ఖాళీ కుర్చీలన్నీ దాటి, గుండ్రంగా, నిండుగా, ఎక్కడా చెదరకుండా వచ్చి గంటక్క గుండెకి తగిలింది. చిన్నది పరుగెత్తకుండా ఒక్కో స్వరాన్నీ నొప్పితోనే నిలబెట్టి వదులుతోంది. ఒకటి ఆరేలోగా ఇంకొకటి వచ్చి చేరుతోంది. ఆ కుర్చీ పోయిందన్న దుఃఖం, ఆ పిల్లమీద అసూయ, వాటితోపాటే ఎక్కడలేని సంతోషం, అన్నీ ఒకేసారి ముంచుకొచ్చి ఆవిడ కళ్ళు నిండిపోయాయి. ఇది నా బాంజో అయ్యుండదు అనుకుంది. వేదిక మీద కూర్చుని వింటే దాని మోత చెవి పక్కన టంగుమని పగిలినట్టుండేది, చర్మం చప్పుడూ బిళ్ళ చప్పుడూ కలిసిపోయి. ఇలా ఉండేది కాదు. ఎవరో మళ్ళీ ముట్టుకున్నారు. ఆడపడుచు రాత్రికి రాత్రి ఏదో చేసి ఉంటుంది.

"మాస్టారూ," అంది, మాస్టారి చొక్కా చెయ్యి పట్టుకుని. "దీన్నెవరో మార్చారు."

"ఎవరూ మార్చలేదండీ. వెనక వరసలకి ఎప్పుడూ ఇలాగే వినిపించేది."

"ఎప్పుడూనా? నేను వాయించినప్పుడు కూడానా?"

"మీరు వాయించినప్పుడు ఇంకా బాగుండేది."

గంటక్క మళ్ళీ వేదిక వైపు చూసింది. అక్కడ పాట మలుపు తిరిగింది. చిన్నది నొప్పికి ముఖం చిట్లించి కూడా ఆపలేదు.

"మరి ఇన్నేళ్ళూ నాతో ఒక్కరూ అనలేదేం?" అంది గంటక్క, అనుమానంగా, కళ్ళు తుడుచుకుంటూ.